చిన్న విమానాలకు రోటరీ ఇంజను: ప్రయోగశాల నుండి అంగడి దాకా

తెలుగు పాఠం చెప్పుకునే వారికి ఇంజనుల గొడవ ఎందుకని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఆ సందేహం తీర్చి ముందుకు సాగడం మా ధర్మం.

గత విద్యాసంవత్సరంలో ఒకనాడు సంధుల పాఠం ముగించి బయటికి వస్తున్నాము. మా విద్యార్థి ఒకడు వెంట నడిచి, "సార్, మా భాయిజాన్ మోటారు సైకిళ్ళ షెడ్డు నడుపుతాడు. పిస్టను లేని ఇంజను ఒకటి ఉన్నదట. చాలా తేలికట. పొలాల మీద మందు చల్లే డ్రోనులకు అటువంటిది తానే తయారు చేసి అమ్ముతానంటున్నాడు. షెడ్డు కుదువబెట్టి డబ్బు తెస్తాడట. ఇంట్లో అమ్మీకి నిద్ర లేదు. మీరేమైనా చెప్పగలరా?" అని అడిగాడు.

ఆ రోజు మేము ఏమీ చెప్పలేకపోయాము. తెలియని విషయంలో సలహా ఇవ్వడం గురువుకు తగదు. భౌతికశాస్త్ర విభాగపు మిత్రులను ఆశ్రయించి, గ్రంథాలయంలో దొరికినవి చదివి, కొన్ని నెలల తరువాత గాని ఆ ప్రశ్న లోతు మాకు అర్థం కాలేదు. ఒక యంత్రం నడవడం వేరు, అది అంగడిలో నిలవడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని విద్యార్థులకు తెలియజెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఇటువంటి సంగతులు మన భాషలో చెప్పడం కుదరదన్న అపోహ కూడా దీనితో కొంత తొలగితే మా శ్రమ ఫలించినట్లే.

పేరులోని చిక్కు

ముందుగా పేరు గురించి ఒక మాట. విమాన చరిత్రలో "రోటరీ ఇంజను" అన్న పేరు రెండు వేర్వేరు యంత్రాలకు ఉన్నది. మొదటిది పాతకాలపుది. ఫ్రాన్సుకు చెందిన సెగాఁ సోదరులు 1909 ప్రాంతంలో "గ్నోమ్" అనే ఇంజనును వాడుకలోకి తెచ్చారు. అందులో షాఫ్టు కదలదు. సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటు గిర్రున తిరుగుతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటువంటి ఇంజనులు వేలకొద్దీ ఎగిరాయి. వాటికి కందెనగా వాడినది మరేదో కాదు, మనకు తెలిసిన ఆముదమే. పెట్రోలులో అంత సులభంగా కలిసిపోదు కనుక దానిని ఎన్నుకున్నారు. ఆ తరం ఇంజనులు యుద్ధంతోనే దాదాపు అంతరించాయి.

మనం ఇప్పుడు చెప్పుకోబోయేది రెండవది. జర్మనీకి చెందిన ఫీలిక్స్ వాంకెల్ పేరుతో ప్రసిద్ధమైన ఇంజను. 1902లో జన్మించి 1988లో మరణించిన ఈ మేధావి విశ్వవిద్యాలయంలో చదివిన వాడు కాడు. తన ఊహకు 1929లోనే పేటెంటు పొందినా, ఎన్.ఎస్.యు. అనే వాహన సంస్థ సహకారంతో ఆ ఇంజను తొలిసారి తిరిగింది 1957 ఫిబ్రవరిలో. అంటే ఊహకూ యంత్రానికీ నడుమ సుమారు మూడు దశాబ్దాలు గడిచాయి. విద్యార్థులు ఈ మొదటి లెక్కను మరువరాదు.

యంత్రం పని చేసే తీరు

మామూలు ఇంజనులో పిస్టను సిలిండరులో పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను క్రాంకు షాఫ్టు భ్రమణంగా మారుస్తుంది. పిస్టను ప్రతి కొసలోనూ ఆగి, దిక్కు మార్చి, మళ్ళీ పరుగెత్తాలి. ఆ ఆగడం, మళ్ళడం వల్లనే కుదుపు పుడుతుంది.

వాంకెల్ ఇంజనులో పిస్టనుకు బదులు మూడు కొనలు గల రోటరు ఉంటుంది. త్రికోణానికి మూడు వైపులా కొంచెం ఉబ్బు వచ్చినట్లు ఊహించుకోవాలి. దాని చుట్టూ ఉన్న గది ఆకారం నడుము దగ్గర కాస్త నొక్కిన కోడిగుడ్డు వలె ఉంటుంది. రోటరు తిరుగుతున్నంత సేపూ దాని మూడు కొనలు గది గోడను తాకుతూనే ఉంటాయి. కనుక రోటరుకూ గోడకూ మధ్య ఎప్పుడూ మూడు అరలు ఏర్పడతాయి. రోటరు తిరిగిన కొద్దీ ఒక్కొక్క అర పెద్దదై, చిన్నదై, మళ్ళీ పెద్దదవుతుంది. పెద్దదయ్యేటప్పుడు ఇంధనం కలిసిన గాలిని పీల్చుకుంటుంది. చిన్నదయ్యేటప్పుడు దానిని అదుముతుంది. ప్లగ్గు నిప్పురవ్వతో మండి రోటరును నెడుతుంది. చివరకు పొగను బయటికి తోసివేస్తుంది. పీల్చడం, అదమడం, మండడం, విడవడం అనే నాలుగు పనులూ వాల్వులు లేకుండానే జరిగిపోతాయి.

రోటరు ఒక్క చుట్టు తిరిగేసరికి మధ్యలోని ప్రధాన షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. ఫలితంగా షాఫ్టు తిరిగే ప్రతి చుట్టుకూ ఒక్కొక్క రోటరు ఒక నెట్టు ఇస్తుంది. ఒకే సిలిండరు గల ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు ఒక్క నెట్టు మాత్రమే ఇస్తుంది. చిన్న పరిమాణంలోనే ఎక్కువ శక్తి, తక్కువ కుదుపు, తక్కువ భాగాలు – ఇవీ దీని సుగుణాలు. బరువులో ప్రతి కిలోకూ లెక్క చెప్పవలసిన విమానానికి ఇంతకన్న అనువైనది ఏముంటుంది?

ఇన్ని సుగుణాలున్న ఇంజను ఆరు దశాబ్దాలు దాటినా చిన్న విమానాల ప్రపంచాన్ని ఎందుకు జయించలేకపోయింది? మన అసలు ప్రశ్న ఇదే.

ఆశలు, అడియాసలు

అమెరికాలోని విమాన ఇంజనుల సంస్థ కర్టిస్-రైట్ 1958లోనే వాంకెల్ ఇంజనుకు అనుమతి హక్కులు కొన్నది. 1960ల చివర లాక్‌హీడ్ వారి క్యూ-స్టార్ అనే నిశ్శబ్ద పరిశోధక విమానంలో 185 అశ్వశక్తుల కర్టిస్-రైట్ రోటరీ ఇంజను ఎగిరింది కూడా. ఎగరడం అయితే ఎగిరింది. విమానాల అంగడికి మాత్రం రాలేదు.

జర్మనీలో 1977లో ఫాన్‌ట్రెయినర్ అనే శిక్షణ విమానం తొలి నమూనా రెండు వాంకెల్ ఇంజనులతో గాలిలోకి లేచింది. ఆ ఇంజను కార్ల కోసం ఉద్దేశించినది. కార్లకే అది ఉత్పత్తికి రాలేదు. ఫాన్‌ట్రెయినర్ తరువాతి విమానాలు గ్యాసు టర్బైను ఇంజనుతో తయారయ్యాయి. విమానం బాగున్నా దాని గుండెకాయ అంగడిలో దొరకకపోతే ఏమవుతుందో ఈ ఉదాహరణ చెబుతుంది.

కర్టిస్-రైట్ తన రోటరీ విభాగాన్ని 1984లో ట్రాక్టర్ల తయారీకి పేరుపొందిన జాన్ డీర్ సంస్థకు అమ్మివేసింది. నాసా వారి క్లీవ్‌లాండ్ పరిశోధన కేంద్రం ఆ దశాబ్దంలో ఈ కృషికి అండగా నిలిచింది. అయినా 1990ల ఆరంభంలో జాన్ డీర్ కూడా దానిని వదిలించుకున్నది. చేతులు మారుతూ వచ్చిన ఈ కథలో ఎవరినీ అసమర్థులనడానికి వీలు లేదు. చిక్కు యంత్రంలోనూ ఉన్నది, అంగడిలోనూ ఉన్నది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి చిక్కు: కొనల వద్ద సీళ్ళు

మన షెడ్లలో మెకానిక్కులు "రింగులు పోయాయి, బండి ఆయిలు తాగుతోంది" అంటూ ఉంటారు. పిస్టను చుట్టూ ఉండే రింగులు మండే వాయువును బిగబట్టి ఉంచుతాయి. అవి అరిగితే శక్తి జారిపోతుంది. రోటరీలో ఆ పని చేసేవి రోటరు కొనలలో అమర్చిన సన్నని పట్టీలు. వాటిని కొన సీళ్ళు అందాము. పిస్టను రింగుకు రెండు కొసలలోనూ క్షణకాలం విశ్రాంతి దొరుకుతుంది. కొన సీలుకు విశ్రాంతి లేదు. అది గోడను ఒక గీత మేర మాత్రమే తాకుతూ, తాకే కోణం అడుగడుగునా మార్చుకుంటూ, ఎడతెగక జారుతూ ఉండాలి.

ఎన్.ఎస్.యు. సంస్థ 1967లో ఆర్ఓ-80 అనే కారును గొప్ప ఆశలతో విడుదల చేసింది. కొన సీళ్ళు త్వరగా అరిగిపోయి ఇంజనులు మూలపడ్డాయి. హామీ మేరకు ఇంజనులు మార్చి ఇచ్చే ఖర్చు సంస్థను కుంగదీసింది. 1969లో అది ఫోక్స్‌వాగన్ వారి ఆడి సంస్థలో కలిసిపోవలసి వచ్చింది.

జపానులో మాజ్దా కార్ల తయారీదారులు 1961లో హక్కులు పొంది పని మొదలుపెట్టినప్పుడు గది గోడల మీద అలల వంటి గీతలు పడేవి. సీలు వణుకుతూ జారడం వల్ల పడిన ఆ గీతలకు అక్కడి ఇంజనీర్లు "దయ్యపు గోటి గీతలు" అని పేరు పెట్టుకున్నారు. కెనిచి యమమోటో నాయకత్వంలోని బృందం సీలు ఆకారాన్నీ పదార్థాన్నీ మార్చి మార్చి చూసింది. కర్బనాన్ని అల్యూమినియంతో కలిపి చేసిన సీళ్ళతో 1967లో కాస్మో స్పోర్ట్ కారు అంగడికి వచ్చింది. 1991లో అదే సంస్థ రోటరీ కారు ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. అంటే సీళ్ళ సమస్య అసాధ్యం కాదు. కాని దానిని సాధించడానికి ఒక పెద్ద కార్ల కంపెనీ ధనమూ, దశాబ్దాల ఓర్పూ కావలసి వచ్చాయి.

ఇంజను చిన్నదైన కొద్దీ ఈ చిక్కు పెరుగుతుంది. దీనికి గణితమే సాక్షి. ఇంజను కొలతలన్నీ సగం చేశామనుకుందాం. లోపలి ఘనపరిమాణం ఎనిమిదవ వంతు అవుతుంది. సీళ్ళ పొడవు మాత్రం సగమే తగ్గుతుంది. అంటే లోపల ఉన్న ప్రతి బొట్టు వాయువుకూ కావలి కాయవలసిన అంచు నాలుగింతలవుతుంది. పైగా సీలుకూ గోడకూ మధ్య మిగిలే సన్నని సందు తయారీ నైపుణ్యాన్ని బట్టి ఉంటుంది గాని ఇంజనుతో పాటు సగం కాదు. చిన్న ఇంజను మరింత వేగంగా తిరగడం వల్ల వాయువు జారిపోవడానికి సమయం తక్కువ దొరకుతుంది కనుక కొంత పరిహారం లభిస్తుంది. అయినా, పెద్దదానిని చిన్నదిగా గీసినంత మాత్రాన మంచి చిన్న ఇంజను తయారు కాదు.

రెండవ చిక్కు: వేడి, ఇంధనం

పిస్టను ఇంజనులో ఒకే చోట చల్లని గాలి ప్రవేశిస్తుంది, అదే చోట మంట మండుతుంది. గోడలకు వేడీ చల్లదనమూ వంతులవారీగా అందుతాయి. రోటరీలో అలా కాదు. గదిలో ఒక పక్క ఎప్పుడూ చల్లని గాలి పీల్చే చోటు. మరొక పక్క ఎప్పుడూ మంట మండే చోటు. ఒకే లోహపు పెట్టె ఒక వైపు కాగుతూ, ఒక వైపు చల్లగా ఉంటే ఆకారం వంకర పోవడం సహజం. ఆకారం వెంట్రుకవాసి మారినా సీలు గోడను వదులుతుంది.

లోపల తిరిగే రోటరును చల్లబరచడం మరొక సమస్య. మాజ్దా వారు రోటరులో నూనె ప్రవహింపజేశారు. అందుకు పంపు, నూనెను చల్లార్చే రేడియేటరు కావాలి, అవి బరువు. కొన్ని చిన్న ఇంజనులలో లోపలికి పోయే ఇంధనపు గాలినే రోటరు మీదుగా పంపుతారు. అది తేలికైన మార్గమే. కాని రోటరు వేడికి గాలి వ్యాకోచించి పలుచబడుతుంది. పలుచని గాలితో శక్తి తగ్గుతుంది. ఒకటి గెలిస్తే మరొకటి ఓడవలసిందే.

మంట మండే అర పొడవుగా, సన్నగా ఉండి, మండుతూనే కదిలిపోతుంది. చివరి మూల దాకా మంట అందక కొంత ఇంధనం వృథా అవుతుంది. సీళ్ళకు తడి కోసం నూనెను కూడా లోపలికి కొంచెం కొంచెంగా పంపాలి. షెడ్డులో "ఆయిలు తాగడం" జబ్బు అయితే, ఇక్కడ అది పుట్టుకతో వచ్చిన గుణం. పొగ దారి ఒక్కసారిగా తెరుచుకోవడం వల్ల చప్పుడు అధికం, పొగ వేడి అధికం. ఆ వేడికి తట్టుకునే సైలెన్సరు తేలికగా ఉండదు. 1973 నాటి చమురు సంక్షోభం ఈ లోపాన్ని లోకానికి ఎత్తి చూపింది. జనరల్ మోటార్స్ సంస్థ ఎంతో ధనం వెచ్చించిన తన రోటరీ కార్ల ప్రణాళికను ఆ తరువాత విరమించుకున్నది.

బరువు లెక్కలోని మోసం

తయారీదారులు ప్రకటించే బరువు చాలాసార్లు వట్టి ఇంజనుది మాత్రమే. దానికి రేడియేటరు, నీరు, పంపు, నూనె, సైలెన్సరు చేర్చి చూడాలి. అంతే కాదు. ఇంజను నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరిగితే, చిన్న విమానపు ప్రొపెల్లరు రెండున్నర వేల చుట్ల ప్రాంతంలో హాయిగా పని చేస్తుంది. అంతకు మించితే దాని కొసలు ధ్వని వేగాన్ని సమీపించి శక్తి చప్పుడుగా వృథా అవుతుంది. కనుక వేగం తగ్గించే గేర్లో బెల్టో అవసరం. అదీ బరువే.

ఇక ఇంధనం. ఊహ కోసం ఒక లెక్క వేద్దాం. రోటరీ ఇంజను పిస్టను ఇంజను కంటే 20 కిలోలు తేలిక అనుకుందాం. కాని గంటకు 3 కిలోల పెట్రోలు ఎక్కువ తాగుతుందనుకుందాం. గంట సేపు ఎగిరి దిగే విమానానికి 17 కిలోల లాభం. అయిదు గంటల ప్రయాణానికి లాభం 5 కిలోలకు దిగుతుంది. ఏడవ గంట ముగిసేసరికి లాభం నష్టంగా మారుతుంది. తేలికైన ఇంజను అందరికీ తేలిక కాదు. ఎంత దూరం పోవాలన్న దానిని బట్టి దాని బరువు మారుతుంది.

పరీక్షలు, నమ్మకం

కారు ఇంజను దారిలో ఆగితే బండిని పక్కకు నెట్టి చెట్టు నీడన కూర్చోవచ్చు. ఆకాశంలో అటువంటి చెట్టు లేదు. అందుకే మనుషులను మోసే విమానపు ఇంజనుకు ప్రభుత్వ ధ్రువపత్రం తప్పనిసరి. అమెరికా నిబంధనల ప్రకారం ఇతర పరీక్షలతో పాటు 150 గంటల దారుఢ్య పరీక్ష జరగాలి. అందులో చాలా భాగం అత్యధిక శక్తితో నడపాలి. ఆ తరువాత ఇంజను విప్పి ప్రతి భాగాన్నీ కొలుస్తారు. పరీక్షలో ఒక సీలు విరిగితే నమూనా మార్చాలి. మార్చినది మళ్ళీ పరీక్షించాలి. ధ్రువపత్రం వచ్చిన తరువాత కూడా ఒక చిన్న భాగపు లోహం మార్చాలంటే అనుమతి కావాలి. ఈ ఖర్చు ఒక్క ఇంజను అమ్మక మునుపే పెట్టవలసిన ఖర్చు.

ఇంతకన్న కఠినమైనది వాడుకరుల నమ్మకం. లైకమింగ్ వంటి పాత పిస్టను ఇంజనులు పూర్తిగా విప్పి బాగుచేయడానికి మధ్య 2000 గంటల గడువు పొందినవి. ఆస్ట్రియాకు చెందిన రోటాక్స్ 912 ఇంజను 1989 ప్రాంతంలో వచ్చినప్పుడు ఆ గడువు కొన్ని వందల గంటలు మాత్రమే. ఎగిరిన ఇంజనుల అనుభవంతో మెట్టు మెట్టుగా పెరిగి 2000 గంటలకు చేరింది. వేల ఇంజనులు ఎగిరితే గాని అనుభవం రాదు. అనుభవం లేనిదే వేల ఇంజనులు అమ్ముడు పోవు. కొత్త ఇంజను ఈ చక్రంలో చిక్కుకుంటుంది.

ఏ ఊరి విమానాశ్రయంలో దిగినా పాత ఇంజనుకు విడిభాగం దొరుకుతుంది. విప్పి బిగించగల చేయి దొరుకుతుంది. కొత్త ఇంజనుకు రెండూ ఉండవు. కొనేవాడు ఇంజను ధర మాత్రమే చూడడు. పదేళ్ళ తరువాత ఈ కంపెనీ ఉంటుందా అని కూడా చూస్తాడు.

అంగడి ఎంత పెద్దది?

మాజ్దా తన పరిశోధన ఖర్చును లక్షల కార్ల మీద పరచుకున్నది. చిన్న విమానాల తయారీదారుకు ఆ వెసులుబాటు లేదు. అమెరికాలో 1978లో సుమారు 17,800 చిన్న విమానాలు తయారైతే, 1994లో ఆ సంఖ్య వెయ్యికి లోపుగా పడిపోయింది. ప్రమాదాల మీద వేసిన నష్టపరిహారపు దావాలు, బీమా ఖర్చులు ఆ పతనానికి ముఖ్య కారణాలలో చేరాయి. రోటరీ విమాన ఇంజను సిద్ధమవుతున్న కాలంలోనే దాని అంగడి కుంచించుకుపోయింది. పంట చేతికి వచ్చేనాటికి సంత చెదిరిపోయినట్లయింది.

స్వయంగా విమానాలు నిర్మించుకునే ఔత్సాహికులు అమెరికాలో మాజ్దా కారు ఇంజనులను మార్చి వాడుకున్న మాట నిజం. అవి ప్రయోగాత్మక వర్గానికి చెందిన విమానాలు కనుక వాటి ఇంజనులకు ధ్రువపత్రం అక్కరలేదు. కాని అది అభిరుచి, వ్యాపారం కాదు.

నిలదొక్కుకున్న చోటు

ఇంతమాత్రాన రోటరీ ఓడిపోయిందని చెప్పరాదు. తన గుణాలకు తగిన చోటు వెదుక్కొని అక్కడ నిలిచింది. ఇంగ్లండులో నార్టన్ మోటారు సైకిళ్ళ కోసం సాగిన రోటరీ కృషి నుండి చిన్న విమాన ఇంజనులు పుట్టాయి. జర్మనీ గ్లైడరు ఏ.ఎస్.హెచ్.-26 ఇ లో సుమారు 50 అశ్వశక్తుల రోటరీ ఇంజను ఉన్నది. గ్లైడరుకు ఇంజను కావలసింది పైకి లేచేటంత సేపే. తరువాత దానిని వీపులోపలికి మడిచి, గాలి మీద తేలుతుంది. అక్కడ ఇంధనపు వ్యయం లెక్కకు రాదు. చిన్న పరిమాణమూ, తక్కువ కుదుపూ లెక్కకు వస్తాయి.

రెండవ చోటు మనిషి లేని విమానం. అమెరికా సైన్యం వాడిన షాడో డ్రోనులోనూ, ఇజ్రాయెల్ తయారు చేసిన హెర్మెస్-450 లోనూ ఇంగ్లండులో తయారైన రోటరీ ఇంజనులే పని చేశాయి. లోపల మనిషి లేడు కనుక కొన్ని వందల గంటలకే ఇంజను విప్పి బాగుచేయవలసి వచ్చినా ఫరవాలేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న సామెత గుర్తుకు రావచ్చు గాని, ఇక్కడ అది అన్యాయమవుతుంది. ఆ పనికి అది నిజంగానే తగిన ఇంజను.

మన దేశానికీ ఈ కథలో భాగం ఉన్నది. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల, అహ్మద్‌నగర్‌లోని సైనిక వాహన పరిశోధన సంస్థ, బెంగుళూరులోని వైమానిక అభివృద్ధి సంస్థ కలిసి 55 అశ్వశక్తుల స్వదేశీ వాంకెల్ ఇంజనును రూపొందించాయి. దాని బరువు దాదాపు 30 కిలోలు. 2009 మార్చి 29న కోలారు వద్ద నిశాంత్ అనే మానవరహిత విమానంలో అది తొలిసారి ఎగిరింది. మన హైదరాబాదులో 2018 డిసెంబరులో ప్రారంభమైన కర్మాగారంలో హెర్మెస్-900 డ్రోనులు తయారవుతున్నాయి. గమనింపదగిన సంగతి ఏమిటంటే, అదే కుటుంబంలోని చిన్నదైన 450 కి రోటరీ ఇంజను ఉండగా, ఎక్కువ సేపు ఎగరవలసిన 900 కి పిస్టను గల రోటాక్స్ ఇంజను అమర్చారు. ఇంధనపు లెక్క గురించి మనం పైన చెప్పుకున్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

మూడవ చోటు ఇప్పుడిప్పుడే కనబడుతున్నది. కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటే, కిలో లిథియం బ్యాటరీలో పావు యూనిట్ మాత్రమే ఉంటుంది. ఇంజను ఆ శక్తిలో నాలుగవ వంతు మాత్రమే వాడుకోగలిగినా బ్యాటరీ దరిదాపులకు రాదు. అందుచేత విద్యుత్ మోటారుతో ఎగురుతూ, చిన్న రోటరీ ఇంజనుతో కరెంటు తయారు చేసుకునే విమానాలు ప్రయోగించారు. 2011లో పారిస్ వైమానిక ప్రదర్శనలో చూపిన డి.ఏ.-36 ఇ-స్టార్ అటువంటిదే.

ఆ అన్నదమ్ములకు మేము చెప్పినది

ఇంత చదివిన తరువాత ఆ విద్యార్థినీ, అతని అన్ననూ మా ఇంటికి పిలిచాము. టీ తాగుతూ మూడు విషయాలు వారి ముందు ఉంచాము.

మొదటిది: పొలాలలో మందు చల్లే డ్రోనులు ఎక్కువగా బ్యాటరీతో ఎగురుతాయి. కొన్ని నిమిషాలు ఎగిరి, దిగి, బ్యాటరీ మార్చుకుంటాయి. వాటికి నాలుగు నుండి ఎనిమిది దాకా ప్రొపెల్లర్లుంటాయి. నిలకడ కోసం ప్రతిదాని వేగం క్షణక్షణం మారుతూ ఉండాలి. ఆ పని మోటారు చేసినంత చురుకుగా ఇంజను చేయలేదు. అనగా ఎన్నుకున్న అంగడే ఈ ఇంజనుకు అనువైనది కాదు. రెండవది: 2021 నాటి డ్రోను నియమాల ప్రకారం మన దేశంలో అమ్మే ఇటువంటి డ్రోను రకానికి ధ్రువపత్రం కావాలి. కనుక ఇంజను మారిస్తే కథ మొదటికి వస్తుంది. మూడవది: ఈ ఇంజను మీద చేయి కాల్చుకున్న వారు సామాన్యులు కారు. వారి ధనానికి కొరత లేదు. అయినా దశాబ్దాలు పట్టింది. ఒక షెడ్డు మీద వచ్చే అప్పు ఆ దారిలో ఎన్ని నెలలు నిలుస్తుంది?

ఆ అన్న కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే మా వంటి వాళ్ళు కలలు కనకూడదా సార్?" అని అడిగాడు.

ఆ మాట మమ్మల్ని కలత పెట్టింది. వాంకెల్ కూడా విశ్వవిద్యాలయం మెట్లెక్కని వాడేనని చెప్పాము. కల తప్పు కాదు; తల్లి నిద్రను తాకట్టు పెట్టడం తప్పు. ఇంజను తయారు చేయడానికి ముందు ఇంజనును కొలవడం నేర్చుకోవాలి. ఒక పాత ఇంజనును బల్లకు బిగించి, ఎన్ని గంటలు నడిచింది, ఎంత పెట్రోలు తాగింది, ఎక్కడ ఎంత వేడెక్కింది, విప్పితే ఏది ఎంత అరిగింది అని వ్రాసుకోవాలి. పెద్ద సంస్థలు చేసినదీ చివరకు అదే పని. దానికి షెడ్డు అమ్ముకోనక్కరలేదు. నోటుపుస్తకం, ఓర్పు ఉంటే చాలు.

కొన్ని నెలల తరువాత ఆ విద్యార్థి ఒక నోటుపుస్తకం తెచ్చి చూపాడు. ఒక పక్క ఉర్దూలో అన్న వ్రాసిన అంకెలు, మరొక పక్క తమ్ముడు తెలుగులో వ్రాసిన వివరణలు. మొదటి పుటలో ఉన్నది పాత స్కూటరు ఇంజను లెక్క. షెడ్డు కుదువ పడలేదు. పుస్తకంలో అప్పటికి 41 గంటలు నమోదై ఉన్నాయి.

అచ్చుతప్పులు దిద్ది ఆ పుస్తకం తిరిగి ఇచ్చాము. అంకెలు మాత్రం దిద్దలేదు. అవి వారు స్వయంగా సంపాదించినవి.